లా డిగ్రీ మార్కులు: ఎవరు అడుగుతారు, ఎప్పుడు అడుగుతారు

లా విద్యార్థులకు మార్కుల గురించి ఒకదానికొకటి పొసగని సలహాలు అందుతుంటాయి. పాతికేళ్లుగా కోర్టులో వాదిస్తున్న న్యాయవాది, ‘నా మార్కులెన్నో ఇంతవరకు ఏ క్లయింటూ అడగలేదు’ అంటారు. పేరున్న లా ఫర్మ్ నియామక ప్రకటనలో మాత్రం ఫలానా గ్రేడ్ లేనివాళ్లు దరఖాస్తు చేయనక్కర్లేదని ఉంటుంది. ఎవరో ఒకరు తప్పు చెబుతున్నారనుకుంటే విద్యార్థికి టెన్షన్ తప్ప మిగిలేదేమీ ఉండదు. నిజానికి రెండూ సరైనవే. ఒకటి కెరీర్ మధ్యలో ఉన్న పరిస్థితి, రెండోది కెరీర్ గుమ్మం దగ్గరి పరిస్థితి.

సంక్షిప్తంగా

న్యాయవాదిగా లైసెన్స్ ఇచ్చే సంస్థలు డిగ్రీ మార్కులను పెద్దగా పట్టించుకోవు. మొదటి ఉద్యోగం ఇచ్చేవాళ్లు బాగా పట్టించుకుంటారు. అభ్యర్థి పనిని ఇంకా ఎవరూ చూడని రోజుల్లో మార్కుల బలం ఎక్కువ. చూపించుకోవడానికి పని పోగయ్యే కొద్దీ అది తగ్గుతుంది. కొన్ని దేశాల్లో మార్కులు కటాఫ్‌లా పనిచేస్తాయి, కొన్నిచోట్ల ర్యాంకులా పనిచేస్తాయి. నియామకాలు చాలా ముందుగా జరుగుతుండటంతో తొలి సంవత్సరాల మార్కుల మీద అవి మోయగలిగిన దానికంటే ఎక్కువ భారం పడుతోంది.

లైసెన్స్‌కు కావలసింది తక్కువే

భారతదేశంలో 1961 నాటి అడ్వకేట్స్ చట్టం ప్రకారం, బార్ కౌన్సిల్ గుర్తించిన లా డిగ్రీ ఉన్నవారు రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్ కావచ్చు. ఆ డిగ్రీ ఫస్ట్ క్లాసులో పాసై ఉండాలన్న షరతు లేదు. మార్కుల షరతు వచ్చేది కోర్సులో చేరేటప్పుడు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నిబంధనల ప్రకారం జనరల్ అభ్యర్థులకు అంతకుముందు చదువులో కనీసం 45 శాతం ఉండాలి, రిజర్వేషన్ వర్గాలకు సడలింపు ఉంది. ఎన్‌రోల్‌మెంట్‌తో పాటు ఆలిండియా బార్ పరీక్ష కూడా పాసవ్వాలి. 100 ఆబ్జెక్టివ్ ప్రశ్నలు, వ్యాఖ్యానాలు లేని చట్ట ప్రతులు వెంట తీసుకెళ్లే వీలు, పాసా ఫెయిలా అన్నదే ఫలితం. 2010లో తెచ్చిన ఈ పరీక్షను నిర్వహించే అధికారం బార్ కౌన్సిల్‌కు ఉందని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2023లో తేల్చింది.

ఇంగ్లండ్‌లో సొలిసిటర్, అంటే ఎక్కువగా ఫర్మ్‌లలో క్లయింట్ల పని చూసే లాయర్ కావడానికి 2021 నుంచి కొత్త పద్ధతి నడుస్తోంది. ఏ సబ్జెక్టులోనైనా డిగ్రీ లేదా దానికి సమానమైన అర్హత, ఎస్‌క్యూఈ అనే రెండు దశల పరీక్ష, రెండేళ్ల పని అనుభవం, ప్రవర్తన మీద విచారణ. డిగ్రీ ఏ క్లాసులో వచ్చిందన్నది ఆ జాబితాలో లేదు. కోర్టులో వాదించే బారిస్టర్ కావాలంటే మాత్రం కనీసం 2:2, అంటే యాభైల్లో మార్కులు ఉండాలని అక్కడి బార్ స్టాండర్డ్స్ బోర్డు అడుగుతుంది. అమెరికాలో ఎక్కువ రాష్ట్రాలు గుర్తింపు పొందిన లా స్కూల్ నుంచి జేడీ అనే లా డిగ్రీ, బార్ పరీక్షలో ఉత్తీర్ణత, ప్రవర్తన మీద విచారణ అడుగుతాయి తప్ప మార్కులు అడగవు. క్లాసులో ఆఖరున నిలిచిన విద్యార్థి చేతికీ, మొదట నిలిచిన విద్యార్థి చేతికీ వచ్చేది ఒకే లైసెన్స్.

నియంత్రణ సంస్థలు ఇలా ఉండటానికి కారణం వాటి పనిలోనే ఉంది. ప్రజలకు హాని చేయని కనీస సామర్థ్యం ఉందా లేదా అని చూడటం వరకే వాటి బాధ్యత. వందమందిలో ఎవరు మెరుగని తేల్చడం వాటి పని కాదు. ఆ పని ఉద్యోగం ఇచ్చేవాళ్లకు మిగులుతుంది, మార్కుల కథ అక్కడే మొదలవుతుంది.

జల్లెడ ఎందుకు పడుతుంది

పెద్ద ఫర్మ్‌లో కొన్ని పదుల సీట్లుంటే వేలల్లో దరఖాస్తులు వస్తాయి. ప్రతి దరఖాస్తునూ శ్రద్ధగా చదివే తీరిక ఎవరికీ ఉండదు. అప్పటికి అభ్యర్థులెవరూ చెప్పుకోదగ్గ పని చేసి ఉండరు. వాదించిన కేసులు, రాసిన ఒప్పందాలు, తెచ్చిన క్లయింట్లు అంటూ ఏమీ ఉండవు. అందరి దగ్గరా ఉన్నదీ, పక్కపక్కన పెట్టి పోల్చడానికి వీలైనదీ మార్కుల పట్టిక ఒక్కటే. అది కచ్చితమైన కొలత కాదని నియామకాలు చేసేవాళ్లకూ తెలుసు. కానీ ఖర్చు లేనిది, మూడో వ్యక్తి ధ్రువీకరించినది, తర్వాత ఎవరైనా నిలదీస్తే చూపించుకోవడానికి పనికొచ్చేది. మంచి మార్కులున్న వ్యక్తి పనిలో విఫలమైతే ఎంపిక చేసినవారిని ఎవరూ తప్పుపట్టరు. తక్కువ మార్కులున్న వ్యక్తి విఫలమైతే ‘ముందే చూసుకోవద్దా’ అంటారు. జల్లెడ బిగుసుకోవడంలో ఈ భయం పాత్ర, పైకి చెప్పే కారణాల కంటే చిన్నదేమీ కాదు.

వ్యాపార కారణం కూడా ఒకటుంది. ఫర్మ్ అమ్మేది తన లాయర్ల సమయాన్ని. కొత్తగా చేరిన జూనియర్ గంటకు ఇంత అని క్లయింట్‌కు బిల్లు వేయాలంటే, ఆ జూనియర్ పేరు కింద చూపించడానికి ఏదో ఒకటి కావాలి. అందుకే పెద్ద ఫర్మ్‌ల వెబ్‌సైట్లలో లాయర్ల పరిచయం కింద యూనివర్సిటీ పేరు, అక్కడ దక్కిన ఆనర్స్ కనిపిస్తాయి.

న్యాయవిద్యకే ప్రత్యేకమైన సమర్థన మరొకటి వినిపిస్తుంది, అందులో కొంత బలం ఉంది. లా పరీక్షలో ఒక కథనం ఇస్తారు. అందులో చట్టపరమైన చిక్కు ఎక్కడుందో పట్టుకోవాలి, వర్తించే సూత్రం ఏదో గుర్తించాలి, గడువులోపు స్పష్టంగా రాయాలి. జూనియర్ తొలి రెండు మూడేళ్లు చేసే పనిలో పెద్ద భాగం ఇదే. కాబట్టి మార్కులకూ పనికీ ఇక్కడ బొత్తిగా సంబంధం లేదనడం కుదరదు. అయితే అసలు పనిలో చట్టాన్ని కంఠతా అప్పజెప్పాల్సిన అవసరం లేదు, మూడు గంటల్లో ముగించాల్సిన అవసరమూ అరుదు. పరీక్ష కొలిచేది పనిలో ఒక ముక్కని, అదీ ఒత్తిడి పెంచి.

కటాఫ్ వేరు, ర్యాంకు వేరు

మార్కుల ప్రభావం గురించిన గందరగోళంలో సగం, ఈ రెండింటినీ కలిపేయడం వల్ల వస్తుంది.

ఇంగ్లండ్ డిగ్రీల్లో 70, ఆపైన వస్తే ఫస్ట్, 60 నుంచి 69 దాకా 2:1, 50 నుంచి 59 దాకా 2:2. ఎక్కువ ఫర్మ్‌లు 2:1 అడుగుతాయి. ఇది కటాఫ్. 59కీ 60కీ మధ్య ఉన్న ఒక్క మార్కు దరఖాస్తును లోపలికి పంపుతుంది లేదా బయట ఆపుతుంది. 62కీ 67కీ మధ్య ఉన్న అయిదు మార్కులకు అంత విలువ లేదు. గీత దాటాక రాతపరీక్ష, ఇంటర్వ్యూ, అసెస్‌మెంట్ డే, వెకేషన్ స్కీమ్‌లో (సెలవుల్లో ఫర్మ్‌లో చేసే కొద్ది వారాల ఇంటర్న్‌షిప్) కనబరిచిన తీరు ముందుకొస్తాయి. భారతదేశంలో క్యాంపస్ ప్లేస్‌మెంట్లకు వచ్చే ఫర్మ్‌లు పెట్టే సీజీపీఏ కటాఫ్, బ్యాక్‌లాగ్స్ ఉండకూడదన్న షరతు కూడా ఈ కోవలోవే. చాలా ప్రభుత్వ రంగ సంస్థలు లా ఆఫీసర్ నోటిఫికేషన్లలో అడిగే 60 శాతం మరింత కఠినమైన కటాఫ్. 59.8 ఉన్న అభ్యర్థి ఎంత ప్రతిభావంతుడైనా ఆన్‌లైన్ ఫారమ్ ముందుకు కదలదు.

అమెరికా పద్ధతి వేరు. అక్కడి లా స్కూళ్లలో చాలావరకు తప్పనిసరి కర్వ్ ఉంటుంది. క్లాసు సగటు ఇంత ఉండాలి, ఎ గ్రేడ్లు ఇంతమందికి మించకూడదు అని ముందే నిర్ణయిస్తారు. దీంతో గ్రేడ్ అనేది విద్యార్థికి ఎంత తెలుసో చెప్పదు, పక్కవాళ్ల కంటే ఎంత బాగా రాశారో చెబుతుంది. సగటు 3.3గా ఉన్న స్కూల్లో 3.4 అంటే మధ్యరకం, సగటు 3.0గా ఉన్నచోట అదే 3.4 అంటే పైవరుస. షికాగో యూనివర్సిటీ లా స్కూల్ గ్రేడ్లు ఏకంగా 155 నుంచి 186 మధ్య ఉంటాయి, మధ్యస్థ మార్కు 177. ఆ స్కేలు తెలియనివారికి 178 చూస్తే ఏమీ అర్థం కాదు. అందుకే ఫర్మ్‌లు జీపీఏను విడిగా చూడవు, ఆ స్కూల్లో ఆ జీపీఏ ఎన్నో స్థానమో లెక్కేస్తాయి. క్లాసులో పై 10 శాతం అన్న మాట చాలా గట్టిది. ఆర్డర్ ఆఫ్ ది కాయిఫ్ అనే గౌరవం కూడా సభ్య స్కూళ్లలో పై 10 శాతం పట్టభద్రులకే.

విద్యార్థి శ్రమను ఎటు మళ్లించాలో ఈ తేడానే నిర్ణయిస్తుంది. కటాఫ్ ఉన్నచోట గీతను సురక్షితంగా దాటాక, మరో రెండు మార్కుల కోసం పడే పాట్లు ఇంటర్న్‌షిప్ మీదో మూట్ కోర్టు (నమూనా వాదనల పోటీ) మీదో పెడితే ఎక్కువ ఫలం ఇస్తాయి. ర్యాంకు లెక్క ఉన్నచోట ఆ రెండు మార్కులే పై వరుసలోకి తీసుకెళ్లవచ్చు. ఒక వ్యవస్థలో పనికొచ్చిన సలహాను మరో వ్యవస్థకు అంటగడితే నష్టం జరిగేది ఇలాగే.

మొదటి ఏడాది మీద పడే భారం

మార్కులు ముఖ్యమా అని అడిగే ముందు, ఏ మార్కులు అని అడగాలి. నియామకాల క్యాలెండర్ చూస్తే డిగ్రీ చివర వచ్చే తుది ఫలితం కంటే ముందు వచ్చినవే ఎక్కువ పని చేస్తున్నాయి.

ఇంగ్లండ్‌లో పెద్ద ఫర్మ్‌లు ట్రైనింగ్ కాంట్రాక్టులను, అంటే సొలిసిటర్ శిక్షణ ఉద్యోగాలను దాదాపు రెండేళ్ల ముందే ఇచ్చేస్తాయి. లా విద్యార్థి రెండో సంవత్సరంలో వెకేషన్ స్కీమ్‌కు దరఖాస్తు చేస్తారు, అప్పటికి చేతిలో ఉన్నవి మొదటి సంవత్సరం మార్కులే. విచిత్రం ఏమిటంటే, అక్కడి చాలా యూనివర్సిటీల్లో మొదటి సంవత్సరం మార్కులు తుది డిగ్రీ క్లాసులో కలవవు, పాసైతే చాలు. ‘ఈ ఏడాది లెక్కలోకి రాదు’ అన్న మాట నమ్మి తేలిగ్గా తీసుకున్న విద్యార్థి, కొద్ది నెలల్లోనే దరఖాస్తు ఫారమ్‌లో ఒక్కో సబ్జెక్టు మార్కునూ విడివిడిగా నింపాల్సి వస్తుంది.

అమెరికాలో ఇది ఇంకా తీవ్రం. మూడేళ్ల జేడీలో మొదటి ఏడాది ముగిసిన వేసవిలో ఫర్మ్‌లు క్యాంపస్‌కు వచ్చి, మరుసటి వేసవికి సమ్మర్ అసోసియేట్లను (వేసవి ఇంటర్న్‌లను) ఎంచుకోవడం ఆనవాయితీ. ఆ వేసవి పని బాగుంటే సాధారణంగా శాశ్వత ఉద్యోగం ఖాయమవుతుంది. అంటే తొలి ఏడాది రాసిన కొద్దిపాటి పేపర్లతో మొదటి ఉద్యోగం దాదాపు తేలిపోతుంది. పైగా అనేక సబ్జెక్టుల్లో సెమిస్టర్ మొత్తానికీ కలిపి ఒకే పెద్ద పరీక్ష. నియామకాల సమయాలకు నాల్ప్ అనే సంస్థ పెట్టిన మార్గదర్శకాలు 2018లో తొలగిపోయాక ఫర్మ్‌లు ఇంకా ముందుకు జరిగాయి. క్యాంపస్ ఇంటర్వ్యూల కంటే ముందే, ఒక్క సెమిస్టర్ గ్రేడ్లు చూసి ఆఫర్లు ఇచ్చే పోటీ మొదలైంది. భారతదేశంలోని ప్రముఖ నేషనల్ లా యూనివర్సిటీల్లో కూడా అయిదేళ్ల కోర్సు నాలుగో ఏడాదికి వచ్చేసరికే ప్రధాన నియామకాలు నడుస్తాయి. చివరి రెండేళ్లలో గ్రేడ్లు ఎంత పెంచుకున్నా ఆ రైలు వెళ్లిపోయి ఉంటుంది.

దీనివల్ల ఎవరు నష్టపోతారన్నది ఊహించడం కష్టం కాదు. ఇంట్లో లాయర్లున్న విద్యార్థికి మొదటి సెమిస్టర్ బరువు ముందే తెలుసు, పరీక్షలో ఎలా రాయాలో అడగడానికి మనిషి ఉంటారు. కుటుంబంలో తొలిసారి యూనివర్సిటీకి వచ్చినవారు ఆ ఆట నియమాలు అర్థం చేసుకునేసరికి స్కోరు నమోదైపోతుంది. చదువుతూ పని చేసుకోవాల్సినవారికీ ఇదే ఇబ్బంది. జవాబు పత్రాలను పేరు కనపడకుండా దిద్దడం అమెరికన్ లా స్కూళ్లలో మామూలే, కానీ ఆ జాగ్రత్త పక్షపాతాన్ని ఆపుతుందే తప్ప ఈ అసమానతను తాకదు. బ్రిటన్‌లో అనేక ఫర్మ్‌లు అభ్యర్థి యూనివర్సిటీకి ముందు చదివిన స్కూలు సగటుతో వారి మార్కులను పోల్చి చూసే పద్ధతిని తెచ్చుకున్నది ఈ సమస్యకే. బలహీనమైన స్కూల్లో అందరికంటే ముందున్న విద్యార్థి, పేరున్న స్కూల్లో మధ్యలో ఉన్న విద్యార్థి కంటే తక్కువ కాదన్న లెక్క అది.

జర్మనీలో అన్నీ రెండు పరీక్షలే

మార్కులకు అత్యధిక బరువు ఇచ్చే వ్యవస్థ కోసం వెతికితే జర్మనీ దగ్గర ఆగాలి. లా చదువు ముగింపులో మొదటి రాష్ట్ర పరీక్ష ఉంటుంది. అందులో 70 శాతం వెయిటేజీ రాష్ట్ర న్యాయశాఖ నిర్వహించే భాగానిది, 30 శాతం యూనివర్సిటీ భాగానిది. తర్వాత రెండేళ్లు కోర్టులు, ప్రాసిక్యూషన్, ప్రభుత్వ కార్యాలయాలు, లాయర్ల దగ్గర శిక్షణ. దాని చివర రెండో రాష్ట్ర పరీక్ష.

స్కేలు 18 పాయింట్లది. 4 వస్తే పాస్. 9, ఆపైన వస్తే ప్రెడికాట్ అనే గౌరవ శ్రేణి. బయటివారికి 18లో 9 అంటే సగం మార్కులే కదా అనిపిస్తుంది, అక్కడ మాత్రం అది తల ఎత్తుకు తిరిగే మార్కు. 14 పాయింట్ల దగ్గర మొదలయ్యే అత్యుత్తమ గ్రేడ్‌ను రాష్ట్ర పరీక్షలో అందుకునేవారు ఒక్క శాతం కూడా ఉండరు. పెద్ద ఫర్మ్‌లు సాధారణంగా రెండు పరీక్షల్లోనూ ప్రెడికాట్ ఆశిస్తాయి. న్యాయమూర్తులుగా, ప్రాసిక్యూటర్లుగా తీసుకునేటప్పుడు రాష్ట్రాలు కూడా ఈ పాయింట్లనే ప్రధానంగా చూస్తాయి. అభ్యర్థులు దొరకని పరిస్థితిలో కొన్ని రాష్ట్రాలు గీతను కిందికి దించాయి. మార్కుల కటాఫ్ అనేది నాణ్యతకు కొలమానంగా కనిపించినా, అందులో గిరాకీ సరఫరాల లెక్క ఎంతో ఇక్కడ బయటపడుతుంది.

ఈ కఠినత్వం వల్ల ఒక మేలు కూడా జరిగింది. పరీక్ష రాష్ట్రం చేతిలో ఉండటంతో ఏ యూనివర్సిటీలో చదివారన్నదానికి జర్మనీలో అంత ప్రాధాన్యం లేదు. పేరుమోసిన కాలేజీలో సీటు దొరకనివారు కూడా పాయింట్లతో సమానంగా నిలబడగలరు. పరీక్ష రోజు ఆరోగ్యం బాగోలేక తడబడినవారికి మాత్రం ఆ వ్యవస్థ అంత దయ చూపదు. మామూలుగా దొరికేది రెండు అవకాశాలు. చదువును తొందరగా ముగించి రాసేవారికి ఓ ప్రయత్నాన్ని లెక్కలోకి తీసుకోని వెసులుబాటు చాలాచోట్ల ఉంది.

గ్రేడ్లు పలచబడితే ఏమవుతుంది

ఇంగ్లండ్‌లో అన్ని సబ్జెక్టులూ కలిపి చూస్తే 2010-11లో ఫస్ట్ క్లాస్ డిగ్రీలు దాదాపు 16 శాతం. 2020-21 నాటికి అవి మూడో వంతు దాటాయి. కోవిడ్ కాలంలో మూల్యాంకనం సడలించడం అందుకు ఒక కారణమైనా, పెరుగుదల అంతకు చాలా ముందే మొదలైంది. ఎక్కువమంది చేతిలో 2:1 లేదా ఫస్ట్ ఉన్నప్పుడు 2:1 అడిగినందువల్ల దరఖాస్తుల కుప్ప పెద్దగా తగ్గదు. దాంతో ఫర్మ్‌లు వేరే జల్లెడలు పట్టుకున్నాయి. విశ్లేషణ శక్తిని కొలిచే ఆన్‌లైన్ పరీక్షలు, సబ్జెక్టుల వారీ మార్కులు, యూనివర్సిటీకి ముందు రాసిన ఎ-లెవెల్ గ్రేడ్లు కూడా. మార్కులు సులభంగా దొరికితే విద్యార్థికి మేలన్న అంచనా ఇక్కడ తలకిందులైంది. డిగ్రీ గ్రేడ్ తేడా చూపలేకపోయేసరికి పద్దెనిమిదేళ్ల వయసులో వచ్చిన గ్రేడ్లు మళ్లీ బయటికొచ్చాయి.

గ్రేడ్లను పెంచి విద్యార్థులను ఉద్యోగాల దారిలో పెట్టాలన్న ప్రయత్నానికి పేరుపడ్డ ఉదాహరణ లాస్ ఏంజిలస్‌లోని లొయోలా లా స్కూల్. ఆర్థిక మాంద్యంలో ఉద్యోగాలు కరువైన 2010లో అది అంతకుముందు కొన్నేళ్ల గ్రేడ్లన్నిటికీ 0.333 కలిపింది. పోటీ స్కూళ్ల సగటు ఎక్కువగా ఉండటంతో తమ విద్యార్థులు అన్యాయంగా వెనకబడుతున్నారన్నది దాని వాదన. ఆ వాదనలో తర్కం ఉంది. కాకపోతే అందరికీ ఒకేలా కలిపితే ర్యాంకు మారదు, ర్యాంకు చూసే ఫర్మ్‌ను అది కదిలించలేదు. జీపీఏ కటాఫ్ మాత్రమే చూసేచోట కొందరికి ఉపయోగపడి ఉండాలి.

మరోవైపు యేల్ లా స్కూల్ మొదటి టర్మ్‌లో గ్రేడ్లే ఇవ్వదు, ఆ తర్వాత కూడా ఆనర్స్, పాస్ లాంటి కొద్ది వర్గాలే. హార్వర్డ్, స్టాన్‌ఫర్డ్ 2008లో ఇలాంటి పద్ధతికి మారుతున్నట్లు ప్రకటించాయి. యేల్ విద్యార్థికి గ్రేడ్ లేకున్నా ఉద్యోగం దొరుకుతుంది, ఎందుకంటే అక్కడ సీటు రావడమే పెద్ద జల్లెడ. అదే పని ఒక సాధారణ స్కూలు చేస్తే, తన టాపర్లు బయటివారికి కనపడకుండా చేసినట్టవుతుంది. గ్రేడ్లు ఎత్తేసే స్వేచ్ఛ కూడా పేరున్నవారికే ఉంది. ఆ స్కూళ్లలో సైతం తేడా పూర్తిగా చెరిగిపోలేదు. ప్రతి కోర్సులో కొందరికి ఇచ్చే బహుమతులు, ప్రొఫెసర్ల సిఫార్సు లేఖలు ఆ ఖాళీని నింపుతున్నాయి.

కాలేజీ పేరా, మార్కులా

పెద్ద పేరున్న కాలేజీలో మధ్యలో ఉండటం మేలా, ఓ మోస్తరు కాలేజీలో ముందుండటం మేలా? సీటు ఎంచుకునేటప్పుడు ప్రతి ఇంట్లో వచ్చే చర్చ ఇది. రిచర్డ్ శాండర్, జేన్ బాంబావర్ అనే ఇద్దరు పరిశోధకులు 2012లో ప్రచురించిన అధ్యయనం, అమెరికన్ లాయర్ల సమాచారాన్ని పరిశీలించి, కెరీర్ విజయాన్ని అంచనా వేయడంలో స్కూలు ప్రతిష్ఠ కంటే లా స్కూల్ గ్రేడ్లే స్పష్టంగా ముందున్నాయని చెప్పింది. అందరూ నమ్మేదానికి ఇది విరుద్ధం.

అయితే దీన్ని పట్టుకుని చిన్న కాలేజీలో చేరితే టాపర్ కావడం ఖాయమనుకోవడం తొందరపాటు. ర్యాంకు ముందుగా ఎవరి చేతిలోనూ ఉండదు. పైగా ఫర్మ్‌లు ఇంటర్వ్యూలకు కొన్ని క్యాంపస్‌లకే వెళ్లే దేశాల్లో, అవి రాని కాలేజీ టాపర్ తన మార్కులను తానే మోసుకుని తిరగాలి. భారతదేశంలో ఈ తేడా బాగా కనిపిస్తుంది. నేషనల్ లా యూనివర్సిటీలో కటాఫ్ దాటిన విద్యార్థి దగ్గరికి ఫర్మ్ వస్తుంది. అనుబంధ లా కాలేజీలో యూనివర్సిటీ గోల్డ్ మెడల్ తెచ్చుకున్న విద్యార్థి ఒకదాని వెనక ఒకటి ఇంటర్న్‌షిప్‌లు చేసి, తన పని చూపించి, ఆ మెట్టు దాకా వెళ్లాలి. మార్కులు ఇద్దరికీ ఉన్నాయి, వాటిని చదివే మనిషి దగ్గర లేకపోవడమే రెండో విద్యార్థి సమస్య.

కోర్టు ప్రాక్టీసు వైపు చూస్తే

కోర్టులో మార్కులు ఎవరూ అడగరన్న మాట భారతదేశంలో చాలావరకు నిజం. కొత్త లాయర్ ఒక సీనియర్ దగ్గర జూనియర్‌గా చేరతారు. అక్కడ పరిచయం, ఇంటర్న్‌షిప్‌లో చూపిన శ్రద్ధ, డ్రాఫ్టింగ్ చేయగల నేర్పు, పొద్దున్నే ఫైళ్లతో సిద్ధంగా ఉండటం పనికొస్తాయి. జూనియర్ సివిల్ జడ్జి పోస్టులకు పోటీ పరీక్ష, ఇంటర్వ్యూ. వాటికి డిగ్రీ శాతం కంటే ఇప్పుడు అనుభవం పెద్ద షరతయింది. కనీసం మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలన్న నిబంధనను సుప్రీంకోర్టు 2025 మే నెలలో ఇచ్చిన తీర్పుతో మళ్లీ తెచ్చింది. లా పూర్తిచేసిన వెంటనే పరీక్ష రాసే దారి దీంతో మూసుకుపోయింది. మార్కులు బాగున్న తాజా పట్టభద్రుల కంటే, బార్‌లో కొన్నాళ్లు నలిగినవారికి అది అనుకూలం.

ఇంగ్లండ్‌లో ఇదే విషయం తారుమారుగా ఉంటుంది. అక్కడ కోర్టులో వాదించే బారిస్టర్ కావాలంటే ఏడాది పాటు ప్యూపిలేజ్ అనే శిక్షణ దొరకాలి. సీట్లు బహు కొద్ది. నిబంధనల్లో 2:2 చాలన్నా, పేరున్న చాంబర్లకు (బారిస్టర్ల ఉమ్మడి కార్యాలయాలకు) దరఖాస్తు చేసేవారిలో ఫస్ట్ క్లాసులు కొల్లలు. కాబట్టి ఫర్మ్‌ల కంటే చాంబర్లలోనే మార్కుల పోటీ ఎక్కువ. అమెరికాలో ఫెడరల్ జడ్జిల దగ్గర లా క్లర్క్‌గా చేరడానికి కూడా గ్రేడ్లు, లా రివ్యూ (విద్యార్థులు నడిపే న్యాయ పత్రిక) సభ్యత్వం, ప్రొఫెసర్ల సిఫార్సు ప్రధానం. లా రివ్యూలోకి ఎంపికలోనూ గ్రేడ్లు కలుస్తాయి గనుక, ఒకసారి వచ్చిన మంచి గ్రేడ్ రెండు మూడు చోట్ల లెక్కకొస్తుంది. తొలి ఏడాది చిన్న ఆధిక్యం పెద్దదిగా మారే దారి అదే.

తక్కువ మార్కులతో మొదలుపెట్టేవారు

మార్కులు తగ్గినవారికి తలుపులన్నీ మూసుకుపోవు, కొన్ని మూసుకుంటాయి. ఏవి మూసుకున్నాయో త్వరగా తెలుసుకోవడం మంచిది. ఆన్‌లైన్ ఫారమ్ దానంతటదే తిరస్కరించే పెద్ద ఫర్మ్‌ల చుట్టూ ఏడాది తిరగడం కంటే, దరఖాస్తును మనిషే చదివే మధ్యతరహా ఫర్మ్‌లు, చిన్న ఆఫీసులు, ప్రజాప్రయోజన సంస్థలు, కంపెనీల లీగల్ విభాగాల వైపు చూడటం ఎక్కువమందికి కలిసొస్తుంది.

అనారోగ్యం, కుటుంబంలో మరణం లాంటి కారణాలుంటే వాటిని ఆధారాలతో రెండు మూడు వాక్యాల్లో చెప్పవచ్చు. బ్రిటన్ దరఖాస్తు ఫారాల్లో దానికి విడిగా చోటుంటుంది. ఏడాది ఏడాదికీ మార్కులు పెరిగినట్లు కనపడితే అది కూడా ఒక ఆధారమే. ఎల్ఎల్ఎం (లాలో పీజీ) చేస్తే పాత మార్కులు మరుగున పడతాయన్న నమ్మకం మాత్రం అంత గట్టిది కాదు. చాలా ఫర్మ్‌లు మొదటి డిగ్రీనే చూస్తాయి. ఒక ప్రత్యేక రంగంలో లోతు చూపించడానికి ఎల్ఎల్ఎం పనికొస్తుంది, 2:2ను 2:1గా మార్చదు.

డిగ్రీ మార్కుల చుట్టూ తిరిగి వెళ్లే దారులు కూడా పెరుగుతున్నాయి. ఇంగ్లండ్‌లో కొత్త విధానం కింద రెండేళ్ల అనుభవాన్ని నాలుగు సంస్థల వరకు విడగొట్టుకోవచ్చు, పారాలీగల్‌గా (లాయర్లకు సహాయకులుగా) చేసిన పనీ, లీగల్ క్లినిక్‌లో చేసిన పనీ లెక్కకొస్తాయి. 2016 నుంచి అక్కడ స్కూలు పూర్తికాగానే ఉద్యోగం చేస్తూ సొలిసిటర్ అయ్యే అప్రెంటిస్‌షిప్ ఉంది. అమెరికాలో కాలిఫోర్నియా, వర్జీనియా, వెర్మాంట్, వాషింగ్టన్ రాష్ట్రాలు లా స్కూలుకు వెళ్లకుండా లాయర్ దగ్గర కొన్నేళ్లు నేర్చుకుని బార్ పరీక్ష రాయనిస్తాయి. ఆ దారిలో నడిచేవారు కొద్దిమందే, ఉత్తీర్ణత కష్టం. వీటన్నిటినీ పెద్ద ఫర్మ్ దారికి ప్రత్యామ్నాయం అనడం అతిశయోక్తి అవుతుంది.

మార్కులను కాస్త సవరించి రాయడం మాత్రం అన్నిటికన్నా ప్రమాదకరం. 59.4ను 60గా రాయడం చిన్న విషయంలా అనిపించవచ్చు. న్యాయవాద వృత్తిలో నిజాయితీ లైసెన్స్‌కు షరతు. లేని అర్హతలు, మార్చిన గ్రేడ్లు చూపినందుకు ప్రాక్టీసు చేసే హక్కు కోల్పోయిన లాయర్లు బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ ఉన్నారు. తక్కువ మార్కులు ఒక దరఖాస్తును పోగొడతాయి, తప్పుడు మార్కులు లైసెన్స్‌నే పోగొట్టవచ్చు.

పట్టికలో లేనివి, పట్టిక చెల్లే కాలం

అమెరికాలోని బర్కిలీ యూనివర్సిటీలో లా ప్రొఫెసర్ మార్జరీ షుల్ట్జ్, మనస్తత్వ శాస్త్రవేత్త షెల్డన్ జెడెక్ కలిసి మంచి లాయర్‌కు కావలసిన లక్షణాలేమిటని న్యాయవాదులను, జడ్జిలను, క్లయింట్లను అడిగి 26 అంశాలు గుర్తించారు. విశ్లేషణ, రాత, పరిశోధన వాటిలో ఉన్నాయి. వినడం, బేరసారాలు నడపడం, ఒత్తిడిని తట్టుకోవడం, క్లయింట్లతో సంబంధం నిలుపుకోవడం కూడా ఉన్నాయి. లా స్కూల్ ప్రవేశానికి వాడే ఎల్‌శాట్ స్కోరు, అంతకుముందు డిగ్రీ గ్రేడ్లు ఈ 26లో అత్యధిక అంశాల్ని అంచనా వేయడానికి పెద్దగా పనికిరాలేదని తేలింది. ఎవరిని లా చదవనివ్వాలన్న నిర్ణయం మాత్రం నేటికీ ఎక్కువగా ఆ రెండు అంకెల మీదే నడుస్తోంది.

మొదటి ఉద్యోగం తర్వాత మార్కుల పలుకుబడి తగ్గుతుంది, అన్నిచోట్లా ఒకే వేగంతో కాదు. అమెరికాలో పెద్ద ఫర్మ్ నుంచి మరో ఫర్మ్‌కు మారే అసోసియేట్‌ను మూడు నాలుగేళ్ల అనుభవం తర్వాత కూడా ట్రాన్‌స్క్రిప్ట్ (మార్కుల పట్టిక) అడగడం మామూలే. భాగస్వామి స్థాయికి వచ్చేసరికి ప్రశ్న మారిపోతుంది, వెంట ఏ క్లయింట్లు వస్తారనే చూస్తారు. కోర్టు లాయర్ విషయంలో అయిదారేళ్లకే వాదించిన కేసులు, తోటి లాయర్లు, జడ్జిల్లో ఉన్న పేరు ముందుకొస్తాయి.

కాలంతో పాటు చెరగని చోటు ఒకటుంది, అది అధ్యాపక వృత్తి. భారతదేశంలో లా కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ కావాలంటే యూజీసీ నిబంధనల ప్రకారం జనరల్ అభ్యర్థికి పీజీలో 55 శాతం ఉండాలి, రిజర్వేషన్ వర్గాలకు 5 శాతం సడలింపు. ఇరవై ఏళ్లు హైకోర్టులో వాదించి, పేరు తెచ్చుకుని, ఇక బోధన వైపు వెళ్దామనుకున్న న్యాయవాదికి ఎల్ఎల్ఎంలో 54 శాతం ఉంటే ఆ రెగ్యులర్ పోస్టుకు దరఖాస్తు చేసే అర్హత ఉండదు.